గిడ్డమ్మ అరచేతిలో నీళ్లు

జొన్నలగుట్టలో గిడ్డమ్మ అనే బెస్తామె మూడేళ్లు చేప ముట్టలేదు. బెస్తవాళ్లింట పుట్టి, బెస్తవాళ్లింటనే మెట్టి, చేప తిననంటే, షావుకారు కొట్లో కూర్చుని బేరం చెయ్యనన్నట్టే. పోనీ వండదా అంటే వండుతుంది. మసాలా నూరి, చింతపండు పిసికి, పులుసు కుతకుతలాడుతుంటే ఉప్పు చూడమని పక్కింటామెను పిలుస్తుంది. మొగుడికి వడ్డించి, తను మాత్రం జొన్నరొట్టె, ఊరిమిండి పచ్చడి తిని లేస్తుంది. కారణం అడిగితే దాచేది కాదు. గోపన్న గట్టు మీద ఉత్త చేతులతో నిలబడిన దినం తింటానని నలుగురిలోనే చెప్పింది. ఆ మాట గోపన్న చెవిన పడింది. ఆయన నవ్వాడు. నవ్వనీ, నవ్వే నోరు ఎప్పుడూ ఒకేలా ఉండదులే అనుకుంది గిడ్డమ్మ.

గోపన్న చేపల సొసైటీకి ప్రెసిడెంటు. జొన్నలగుట్టకు ఇల్లరికం వచ్చి, పదేళ్లు తిరక్కుండా ఆ ఊరి చెరువుకు పెత్తందారైన ఘనుడు. ఆఫీసర్లు వస్తే టెంకాయనీళ్లు, వాళ్లు వెళ్లాక జనానికి చట్టాలు. ఏ చట్టం పైనుంచి వచ్చిందో, ఏది ఆయన కడుపులో పుట్టిందో ఎవరికీ తెలిసేది కాదు. తెలియకపోవడంలోనే ఆయన బతుకు ఉంది.

అప్పట్లో చెరువు నిండా పుట్టులు తిరిగేవి. వెదురు బద్దలతో పెద్ద గంపలా అల్లి, అడుగున గోతాలు కట్టి తారు పూస్తే పుట్టి తయారు. గుండ్రంగా ఉంటుంది కాబట్టి తెలియనివాడు ఎక్కితే ఉన్నచోటే గిరగిరా తిరుగుతుంది. తెలిసినవాడు ముందు వైపున మోకాళ్ల మీద కూర్చుని తెడ్డుతో నీళ్లు తన వైపు లాగుకుంటూ పోతాడు. ఆ చుట్టుపక్కల పుట్టి అల్లడంలో గిడ్డమ్మ మొగుడు బొజ్జన్న చెయ్యే చెయ్యి. మాట తక్కువ మనిషి. సొసైటీకి సబ్సిడీలో మోటారు పడవ వచ్చి, ఇకనుంచి దానికే పర్మిట్టు, పుట్టులు కూడదు అని గోపన్న చెప్పినప్పుడు, ఆ మాట తక్కువ మనిషే మీటింగులో లేచాడు. పుట్టులకూ నంబర్లు వేసి పర్మిట్టు ఇవ్వమని అడుగుదామప్పా, మన తాతలనాటి బండి ఇది అన్నాడు. జనం తలలూపారు. గోపన్న ఆ తలలన్నీ చూసుకున్నాడు.

మర్నాడు బొజ్జన్న పుట్టిని గట్టు మీదికి లాగించి నిప్పు పెట్టించాడు. పై ఆఫీసరు ఆర్డరు, నా చేతిలో ఏముందప్పా అన్నాడు. తారు పూసిన పుట్టి కదా, కళ్లు మండేలా నల్లటి పొగ లేచింది. బొజ్జన్న తన అల్లిక ఒక్కో బద్దా పగిలి కాలుతుంటే చూస్తూ నిలబడ్డాడు. మిగతావాళ్లు అదే సాయంత్రం తమ పుట్టులు మోసుకుపోయి ఇళ్ల దగ్గర బోర్లించుకున్నారు. మేకపిల్లలకు నీడయ్యాయి. మగవాళ్లంతా గోపన్న పడవలో కూలీలయ్యారు.

బొజ్జన్న మాత్రం కూలికి పోలేదు. ఇంటి ముందు మంచాన్ని చెరువుకు వీపు వచ్చేలా తిప్పి వేసుకుని, తలుపు వైపు చూస్తూ కూర్చునేవాడు. చెరువు మీద అలిగి కడుక్కోనివాడి సామెత ఈయన కోసమే పుట్టిందని ఊళ్లో నవ్వుకున్నారు. ఆ నవ్వు గిడ్డమ్మకు కాలిన పుట్టి కన్నా ఎక్కువ మండింది. పుట్టి పోతే ఇంకొకటి అల్లుకోవచ్చులే అని ఊరు అంది. మంచం మీద వీపు తిప్పుకున్న మనిషిని ఏం పెట్టి అల్లాలి? గోపన్న మీద పగ అన్నంలో రాయిలా ఆమె పళ్ల కింద ఉండిపోయింది. దాన్ని ఆమె ఉమ్మేయలేదు, మింగలేదు.

ఒక ఎండాకాలం ఆమె వాకిట్లో కూర్చుని వెదురు చీల్చడం మొదలుపెట్టింది. ఏం చేస్తున్నావని గోపన్నే వచ్చి అడిగాడు. మిరపకాయలు ఆరబోసుకోవడానికి గంప అంది. ఇంత గంపా అన్నాడు. ఈసారి కాయ శానా అవుతుందంటన్నారు లేప్పా అంది. గంపకు తారెందుకు అని ఆయన అడగలేదు, ఎందుకంటే తారు ఆమె తర్వాత పూసింది. ఒకనాడు ఆమె బద్ద వంచలేక అవస్థ పడుతుంటే, బొజ్జన్న మంచం మీద నుంచి లేచి, దాన్ని తడిపి మోకాలికి ఆనించి వంచి ఇచ్చి, మళ్లీ వెళ్లి వీపు తిప్పుకుని కూర్చున్నాడు. ఆ తర్వాత ప్రతి వేసవిలో దాని నిండా ఎర్రగా మిరపకాయలు ఎండేవి. మిరపకాయల గంపకు పర్మిట్టు అక్కర్లేదు కదా.

ఇక ఆ చెరువు సంగతి. అది మొదట చెరువు కాదు, ఊరు. వంకకు అడ్డంగా కట్ట వేసి కాలువ నీళ్లు వదిలినప్పుడు జనం గుట్ట మీదికి ఎక్కారు. గిడ్డమ్మ అప్పటికి కోడిని చంకన పెట్టుకుని నడవగలిగే పిల్ల. తలుపులు, దూలాలు బండ్ల మీద వేసుకుపోయారు గానీ, మొండిరాతి గోడలు, నాలుగు చింతమాన్లు, ఊరబావి అన్నీ అక్కడే ఉండిపోయాయి. నీళ్లొచ్చి అన్నిటినీ కప్పేశాయి. అప్పటి పెద్దలు ఒక కట్టు పెట్టారు. పాత ఊరి మీద గాలం వేసుకోవచ్చు గానీ వల వెయ్యకూడదు, గడపల మీద వల పడితే గంగమ్మ ఊరుకోదు అన్నారు. అసలు సంగతి నీళ్ల కింది గోడలు, చింతకొమ్మలు. అక్కడ వల దిగిందంటే మళ్లీ పైకి రాదు. కారణం చెబితే జనం వాదిస్తారు, భయం చెబితే దండం పెడతారు అని ఆ ముసలివాళ్లకు తెలుసు. పాత ఊళ్లో నడిచినవాళ్లకు కారణం తెలుసు. తర్వాత పుట్టినవాళ్లకు, తర్వాత వచ్చినవాళ్లకు భయం ఒక్కటే అందింది. ఉన్న నలుగురు ముసలివాళ్లూ ఆ గోడల మాట మానేసి గంగమ్మ పేరే చెబుతూ వచ్చారు.

ఇంకో ఆచారం కూడా ఉంది. చేపలు పట్టేవాళ్లు ఎక్కడైనా అబద్ధాలకోర్లే. దొరికినదాన్ని దొరకలేదంటారు, ఈతకాయంత చేపను మూరెడంటారు. అందుకని చెరువునీళ్లు అరచేతిలో పట్టించి అడిగితే అబద్ధం చెప్పకూడదని కట్టు. అడిగినదానికే బదులు. అడగనిదానికి అక్కర్లేదు. చెప్పడం ఇష్టం లేకపోతే నీళ్లు పారబోసి వెళ్లిపోవచ్చు. ఆ నీళ్లతో అబద్ధమాడినవాడు బాగుపడినట్టు జొన్నలగుట్టలో ఎవరూ వినలేదు.

ఈ మే నెలలో గోపన్నకు కొత్త ఆశ పుట్టింది. చెరువులో షికారు పడవలు తిప్పుకునే పర్మిట్టు, కర్నూలు నుంచి ఆదివారం వచ్చి గాలం వేసుకునే సరదా మనుషులు, గట్టు మీద హోటలు. అది వస్తే చెరువుకు చుట్టూ కంచె. పుట్టి మాట ఇక ఈ జన్మకు లేదు. బొజ్జన్న వీపు కూడా ఇక తిరగదు. గిడ్డమ్మకు అది స్పష్టంగా అర్థమైంది. పర్మిట్టు ఇచ్చే ముందు చూడడానికి భువన అనే ఆఫీసరు వస్తుందని, చెరువులో చేప బాగా ఉందని ఆమె కళ్లారా చూడాలని గోపన్న ఊరంతా చెప్పుకున్నాడు. తీరా చూస్తే వారంగా వలలకు చేప లేదు. ఎండకు నీళ్లు దిగి, చేప అంతా ఎటో పోయింది. గిడ్డమ్మ మాత్రం రోజూ పొద్దున పాత ఊరి వైపు గట్టున కూర్చుని గాలానికి కొరమీను పట్టి అమ్ముకుంటూనే ఉంది.

గోపన్న ఆమె దగ్గరికే వచ్చాడు. సొసైటీ మనుషులందరినీ వెంట తెచ్చుకున్నాడు. తనొక్కడే అడిగితే ఆమె నీళ్లు పారబోసి వెళ్లిపోతుందని, నలుగురి ముందు ఆ పని చెయ్యలేదని ఆయన లెక్క. మూడేళ్లలో మొదటిసారి అక్కా అన్నాడు. వంగి తానే నీళ్లు తీసి ఆమె అరచేతిలో పోశాడు.

"చెప్పు గిడ్డక్కా, చేప యాడ ఉండాది?"

గిడ్డమ్మ నీళ్ల వైపు చూసింది. "పాత ఊరి మీద ఉండాది. చింతమాన్లకూ ఊరబావికీ నడుమ. శానా ఉండాది."

ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఆ లోతైన చల్లటి చోట చేప కుప్పగా చేరి ఉంది. వెనకనుంచి ఒక ముసలాయన వద్దప్పా, గడపల మీద వల కూడదు, గంగమ్మకు కోపం అని గొణిగాడు. గంగమ్మకు నేను సర్దిచెప్పుకుంటాలే అన్నాడు గోపన్న, అందరూ నవ్వేలా. గిడ్డమ్మ అరచెయ్యి అలాగే పట్టుకుని నిలబడింది. వేళ్ల సందుల్లోంచి నీళ్లు చుక్కచుక్కగా కారుతున్నాయి. అక్కడ వల వెయ్యొచ్చా అని ఒక్క మాట అడిగితే, చెప్పక తప్పదు. అడగనియ్యకు, అడగనియ్యకు అని గంగమ్మకే మొక్కుకుంది. గోపన్న అప్పటికే వెనక్కి తిరిగి, ఎవరెవరి వలలు తేవాలో చెప్పడంలో పడిపోయాడు. చివరి చుక్క కారిపోయింది. అడగనిదే అమ్మైనా పెట్టదు కదా అనుకుని ఆమె చెయ్యి కొంగుకు తుడుచుకుంది.

ఆ జవాబులోనే ఒక ముల్లు ఉందని ఆమెకు సాయంత్రానికి తెలిసింది. పాత ఊరంతా చుట్టి వెయ్యడానికి గోపన్న వల ఒక్కటి చాలదు. అందరి వలలూ కొసకు కొస కట్టమన్నాడు. గిడ్డమ్మ తమ్ముడు చిన్న ఈరన్న తన వలను భుజాన వేసుకుని అక్క వాకిట్లో ఆగాడు. ఆ వలను అతని భార్య శివకుమారి వానాకాలమంతా కూర్చుని తన చేత్తో అల్లింది. పిల్లాడిని ఒళ్లో పడుకోబెట్టుకుని కూడా అల్లింది.

"నువ్వు చెప్పిన తావే కదక్కా. నా వల గూడ ఇస్తాండా" అన్నాడు ఈరన్న సంతోషంగా.

గిడ్డమ్మ నోరు తెరిచింది. ఈరన్న నోట్లో నువ్వుగింజ నానదు. వాడికి చెబితే దీపాలు పెట్టే లోపల గోపన్నకు తెలుస్తుంది. మూడేళ్లు పళ్ల కింద ఉంచుకున్న రాయి. ఒక వల పోతే ఇంకొకటి అల్లుకోవచ్చులే అని ఆమె తనకు తాను చెప్పుకుంది. పుట్టి కాలినప్పుడు ఊరు తమ గురించి అచ్చం అదే మాట అన్నదని ఆమెకు గుర్తురాలేదు. జాగ్రత్త అని మాత్రం అంది. ఈరన్న పడవలో జాగ్రత్త అనుకుని తలూపి వెళ్లిపోయాడు.

మర్నాడు భువన మేడమ్ జీపు దిగింది. వయసులో చిన్నది, ఎండకు కళ్లు చిట్లిస్తూ అన్నీ ఓపికగా చూసింది. గోపన్న ఆమెకు నారింజరంగు లైఫ్ జాకెట్టు తొడిగించి పడవెక్కించాడు. మేడమ్ విశాలంగా కూర్చోవాలని తెడ్లు తీసి గట్టున పడేయించాడు. మోటారు ఉండగా తెడ్లెందుకు? వలలు వదలడానికి ఈరన్నను ఎక్కించుకున్నాడు. పడవ దడదడమంటూ పోయి పాత ఊరి చుట్టూ తిరిగింది. వలలన్నీ దిగాయి. ఊరు ఊరంతా గట్టు మీద నిలబడి చూస్తోంది.

లాగడం మొదలైంది. మొదటి మూరలు వచ్చాయి. ఒక పెద్ద బొచ్చె చేప తళతళలాడుతూ పడవలో పడింది. గోపన్న గట్టు వైపు తిరిగి చెయ్యి ఊపాడు. తర్వాత వల రాలేదు. ఈరన్న ఒంటి బలమంతా పెట్టి లాగాడు. రాలేదు. గోపన్న కోపంగా మోటారు వేసి వెనక్కి నడిపాడు. వల వదులై వచ్చి మోటారు పంకాకు చుట్టుకుంది. పంకా రెండు తిరుగుళ్లు తిరిగి, ఒక మూలుగు మూలిగి ఆగిపోయింది. పడవ చింతకొమ్మలకు కట్టేసిన ఎద్దులా నిలబడింది. ఈదడానికి ఎవరికీ ధైర్యం చాలదు, చుట్టూ నీళ్లలో వలలే. కాలు చిక్కుకుంటే అంతే.

ఎండ నెత్తికెక్కింది. మేడమ్ ఫోన్లు చేస్తోంది. ఎవరైనా రావాలంటే ఇంకో పడవ ఉండాలి, ఇంకో పడవ లేకుండా చేసింది గోపన్నే. ఇళ్ల దగ్గర బోర్లించిన పుట్టులు మూడేళ్ల ఎండకు గోతాలు చివికి ఎప్పుడో చిల్లులు పడ్డాయి. గట్టు మీదివాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అప్పుడు గిడ్డమ్మ ఇంటికి పోయి, మిరపకాయలన్నీ వాకిట్లో ఒలకబోసి, గంపను నెత్తిన బోర్లించుకుని వచ్చింది. నీళ్లలో వేసింది. గోపన్న గట్టున పడేయించిన తెడ్డొకటి అందుకుని మోకాళ్ల మీద కూర్చుంది. పుట్టి అడుగు నీళ్లకు పైపైనే తేలుతుంది, దానికి పంకా లేదు, వలలు దాన్ని ఏం చెయ్యగలవు? మూడేళ్ల తర్వాత తెడ్డు నీళ్లలో పడుతుంటే ఆమె ఒళ్లు పులకరించింది. పగ తీరబోతోందన్న సంతోషం దాచుకోవాలని కూడా ఆమెకు అనిపించలేదు.

మేడమ్‌ను జాగ్రత్తగా ఎక్కించుకుంది. బొచ్చె చేపను చంకన పెట్టుకుని ఈరన్న ఎక్కాడు. మిరపకాయల ఘాటుకు ఇద్దరూ తుమ్ములు మొదలుపెట్టారు. గోపన్న కాలు ఎత్తేసరికి ఆమె ఒక్క తెడ్డు వేసి పుట్టిని ఇవతలికి లాగింది.

"గిడ్డక్కా, నేను?"

"ఈ పుట్టికి పర్మిట్టు లేదప్పా. ప్రెసిడెంటును ఎక్కించుకుంటే రేపు కాల్చమని ఆర్డరొస్తాది."

గోపన్న మేడమ్ వైపు చూశాడు. మేడమ్ తుమ్ముతోంది. గిడ్డమ్మ తొందరపడలేదు. ఆ మనిషి ముఖం మీద చెమట కారడం తీరిగ్గా చూసింది. ఆ తర్వాత అంది:

"నీళ్లు పట్టప్పా. మా పుట్టిని కాల్చమని ఎవురు చెప్పిరి?"

ఆయన గట్టు మీది జనం వైపు చూశాడు. గిడ్డమ్మ తెడ్డు మళ్లీ నీళ్లలో ముంచింది. అప్పుడు గోపన్న వంగి, అరచేతిలో నీళ్లు పట్టి, తల ఎత్తకుండా అన్నాడు.

"ఎవురూ చెప్పలేదు. నేనే కాల్పిచ్చినా. జనం బొజ్జన్న మాటకు నిలబడతాండిరి, అందుకే."

నీళ్ల మీద మాట దూరం పోతుంది. గట్టు మీద మనుషులు కదల్లేదు. మేడమ్ తుమ్ముల మధ్య అంతా విన్నది. గిడ్డమ్మ ఇద్దరినీ గట్టుకు చేర్చింది. తర్వాత చెంబెడు నీళ్లు తాగింది, జుట్టు విప్పి ముడి వేసుకుంది, మిరపకాయలను మేకలు తొక్కుతున్నాయేమో చూసిరమ్మని పక్కింటామెకు చెప్పింది. ఆ పైన గోపన్నను తేవడానికి వెళ్లింది. ఆయన ఉత్త చేతులతో పుట్టి దిగి గట్టు మీద నిలబడ్డాడు. ఎవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండేదని ఆమెకు అనిపించింది.

షికారు పర్మిట్టు అక్కడితో ఆగిపోయింది. పుట్టుల గురించి పైకి రాస్తానని మేడమ్ అంది, ఇస్తామని మాట ఇవ్వలేదు. వలలు కోసి తీసేవరకూ మోటారు పడవ కూడా అక్కడే ఉంటుంది. వలలు మాత్రం ఒక్కటీ తిరిగి రాలేదు. అవి ఏ గోడ మీద, ఏ గడప మీద పడి ఉన్నాయో గంగమ్మకే తెలుసు.

ఈరన్న ఆ ఒక్క బొచ్చె చేపను అక్క చేతిలో పెట్టి, తిను అక్కా, నీ ఒట్టు తీరింది కదా అన్నాడు. తన వల గురించి ఏమీ అనలేదు. గోపన్న చెప్పిన మాటలు బావకు పూసగుచ్చినట్టు చెప్పాడు. బొజ్జన్న అంతా విని, లేచి, మంచాన్ని రెండు చేతులా ఎత్తి చెరువు వైపుకు తిప్పి వేశాడు. ఏమే, పులుసా వేపుడా అని అడిగాడు. గిడ్డమ్మ పొయ్యి దగ్గరికి పోయి, పొగ వంకతో కడుపారా ఏడ్చింది.

పులుసు పెట్టింది. మొగుడికి వడ్డించి, తన గిన్నెలో కూడా వడ్డించుకుంది. మొదటి ముద్ద కలుపుతుంటే గుమ్మంలో శివకుమారి నిలబడి ఉంది. చేతిలో చెంబు. లోపలికి వచ్చి ఎదురుగా కూర్చుంది. గిడ్డమ్మ కుడిచెయ్యి తీసుకుని, పులుసు అంటిన అరచేతిలోనే చెంబులోని చెరువునీళ్లు పోసింది.

"మా వల తిరిగి రాదని నీకు తెలుసునా వదినా?"

నీళ్లు పారబోసి ఊరుకోవచ్చు. ఆచారం ఒప్పుకుంటుంది. బొజ్జన్న తినడం ఆపి భార్య వైపు చూశాడు. అరచేతిలో నీళ్లు కారానికి ఎర్రబడ్డాయి.

"తెలుసు" అంది గిడ్డమ్మ.

శివకుమారి తిట్టలేదు, ఏడవలేదు. చెంబు తీసుకుని వెళ్లిపోయింది. తర్వాతి వారం చిన్న ఈరన్న బేతంచెర్ల వైపు బండల పనికి వెళ్లాడు. ఇప్పుడు పది రోజులకోసారి వస్తాడు.

గోపన్న విషయంలో గిడ్డమ్మకు ఇప్పటికీ రవ్వంత పశ్చాత్తాపం లేదు. మళ్లీ అడిగితే మళ్లీ అట్లే చెబుతానంటుంది. ఆయన ఎదురైతే పక్కకు తప్పుకోదు, ఆయనే తప్పుకుంటాడు. పుట్టిలో మళ్లీ మిరపకాయలు ఎండుతున్నాయి, పర్మిట్టు మాట ఇంకా రాలేదు. బొజ్జన్న మంచం మీద కూర్చుని చెరువును చూస్తూ దారం చుట్టి ఇస్తుంటాడు, ఆమె వాకిట్లో కూర్చుని వల అల్లుతుంటుంది. చూపు ఆనక తప్పు ముడి పడితే, విప్పి మళ్లీ వేస్తుంది. వంట ఎప్పటిలాగే చేస్తుంది, ఉప్పు చూడమని పక్కింటామెను పిలుస్తుంది. ఒట్టు తీరింది కదా, చేప ఎందుకు తినవని ఎవరైనా అడిగితే, గోపన్న పేరు ఎత్తదు. వల ఇంకా కాలేదమ్మా అంటుంది.